యాడికని అడగని గైడు

ఇరవై ఎనిమిదేళ్లు మా కర్నూలు, కడప జిల్లాల వాళ్లకు ఢిల్లీ చూపించాను. నేను మాత్రం ఢిల్లీని సరిగ్గా చూడలేదు. గైడు ఎప్పుడూ జనం వైపు తిరిగి నిలబడతాడు. ఎర్రకోట నా వెనకే, కుతుబ్ మీనార్ నా వెనకే. నా వీపు చూసినంత ఢిల్లీ నా కళ్లు చూడలేదు. కళ్లకు వేరే పని ఉండేది. తలకాయలు లెక్కపెట్టుకోవడం.

ఈ పనిలోకి కొత్తగా దిగుతున్న ముగ్గురు కుర్రవాళ్లు మొన్న మా ఇంటికి వచ్చారు. "ఏం చదువుకోవాల సార్? చరిత్ర పుస్తకాలు ఏమన్నా చెప్పండి" అన్నారు. చరిత్ర ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉంది. ఏ రాజు తర్వాత ఏ రాజు అన్నది తప్పు చెప్పినా మనవాళ్లు ఏమీ అనుకోరు. నలభై రెండు మందిని తీసుకుపోయి నలభై ఒక్కరితో తిరిగొస్తే మాత్రం ఆ ఊళ్లో మళ్లీ తలెత్తుకోలేం. అందుకని ఉన్నమాట చెబుతున్నాను. ఈ ఉద్యోగం భయంతో చేసే ఉద్యోగం. రైలు ఎక్కిన నిమిషం నుంచి మళ్లీ కర్నూలు స్టేషన్లో దిగేదాకా ఆ భయం వదలదు. అది లేని గైడును నేను నమ్మను.

నా పేరు దస్తగిరి. మా తట్టు ఈ పేరు హిందువులూ పెట్టుకుంటారు, ముస్లింలూ పెట్టుకుంటారు. మేము ముస్లింలం. ఇంట్లో తెలుగు సగం, ఉర్దూ సగం. ఆ సగం ఉర్దూ చూసే శేషయ్య శెట్టి నన్ను పనిలో పెట్టుకున్నాడు. ఆయన కర్నూలులో యాత్రల ఆఫీసు నడిపేవాడు.

"హిందీ వచ్చునా?" అని అడిగాడు.

"ఉర్దూ వచ్చు సార్."

"రెండూ ఒకటేలే పో" అన్నాడు.

రెండూ ఒకటి కాదని మొదటి యాత్రలోనే తేలింది. ఢిల్లీ స్టేషన్లో సామాను ఎత్తుకోవడానికి వచ్చిన కూలీతో "నక్కో" అన్నాను. మా ఉర్దూలో వద్దు అని అర్థం, ఢిల్లీవాళ్లు ఎరగని మాట. అతను ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చి, ఆ మాట మళ్లీ ఒకసారి అనమని నన్ను బతిమాలాడు.

శెట్టి నేర్పిన మాట

శెట్టి నాకు రెండు సంగతులు నేర్పాడు. ఒకటి మేలు చేసింది, రెండోది ముంచింది.

మొదటిది ఇది. "చరిత్ర రెండు ముక్కలు తగ్గినా పర్లేదప్పా. తలకాయ ఒక్కటి తగ్గగూడదు." నా కన్నా ముందు నరసింహులు అనే ఆయన గైడుగా ఉండేవాడు. పాత ఢిల్లీలో ఒక మనిషి తప్పిపోయాడు, మూడో రోజు దొరికాడు. దొరికినాయన బాగానే ఉన్నాడు. నరసింహులు మాత్రం మళ్లీ కర్నూలు దాటి ఉత్తరానికి పోలేదు. పనిలో చేరేముందు నేను ఆయన దగ్గరికి పోయి నాలుగు మాటలు చెప్పమన్నాను. ఆయన చెప్పింది ఇంతే: "మూడు దినాలప్పా. ఆ మూడు దినాలూ ఆయప్ప యాడ పండుకున్న్యాడో, ఏం తిన్న్యాడో నాకు తెల్దు." ఆ తర్వాత మాట మార్చి వానల గురించి మాట్లాడాడు. ఆయన చేతులు మాత్రం లుంగీ అంచును నలుపుతూనే ఉన్నాయి.

రెండో సంగతి ఒక మాట. "ఎంత దూరం అని అడిగితే కిలోమీటర్లు చెప్పగాకు. భయపడి బస్సులోనే కూసుంటారు. పక్కనే అను. పక్కనే అంటే మనోళ్లు యాడికైనా నడుస్తారు." నిజంగానే నడిచేవారు. బస్సు ఆపిన చోటి నుంచి జామా మసీదు పక్కనే. మసీదు నుంచి చాందినీ చౌక్ పక్కనే. నా నోట్లో ఆ మాట అరిగిపోయింది. దేవుని పేరు కూడా నేను అన్నిసార్లు తలచుకొని ఉండను.

మా అమ్మ నేర్పిన మాట

బయటికి పోతున్న మనిషిని యాడికి అని అడగకూడదు. అది మా అమ్మ నేర్పింది. మా వీధిలో హిందువుల ఇళ్లలోనూ ఇదే పద్ధతి. అడిగితే పోయే పని చెడుతుందని, మనిషికి మంచిది కాదని నమ్మకం. ఎవరైనా నోరు జారి అడిగితే, పోయేవాళ్లు మళ్లీ లోపలికి వచ్చి, కాసేపు కూర్చుని, గ్లాసుడు నీళ్లు తాగి పోవాలి. చిన్నప్పుడు ఒకసారి మా నాయనను అడిగాను. ఆయన చెప్పులు విడిచి వచ్చి, కూర్చుని, నీళ్లు తాగి, నన్ను ఉరిమి చూసి వెళ్లాడు. ఆయన గడప దాటగానే మా అమ్మ నా చెంప పగలగొట్టింది.

మరి అడగాలనిపిస్తే ఏం చేయాలి? "దూరమా?" అని అడగాలి. వాళ్లు "రొంత దూరమేలే" అనో, "ఏం లేదు, ఈడికే" అనో అంటారు. అడిగినవాడికి ఏమీ తెలియదు, చెప్పినవాడు ఏమీ చెప్పడు, ఇద్దరి మర్యాదా నిలుస్తుంది. సొంత ఊళ్లో దీనివల్ల నష్టం లేదు. ఎవరు యాడికి పోతారో ఊరందరికీ తెలిసే ఉంటుంది. ఢిల్లీలో ఎవరికి తెలుస్తుంది?

ఢిల్లీని ఎట్లా చెప్పాలి

కుర్రవాళ్లు అడిగారు కాబట్టి ఇది కూడా చెబుతాను. ఢిల్లీ ఒక ఊరు కాదు. ఏడు ఊళ్లు అంటారు, ఎనిమిది అనేవాళ్లూ ఉన్నారు. వచ్చిన ప్రతి రాజూ వెనకటి వాడి ఊరు నచ్చక పక్కన ఇంకోటి కట్టుకున్నాడు. కుతుబ్ మీనార్ వైపు ఉన్నది అన్నింటికన్నా పాతది. తర్వాత తుగ్లకుల కోటలు, తర్వాత పురానా ఖిల్లా, ఆ తర్వాత షాజహాన్ కట్టిన ఎర్రకోట, జామా మసీదు, చాందినీ చౌక్. చివరికి ఇంగ్లీషువాళ్లు కలకత్తా నుంచి రాజధానిని తెచ్చి, ఇప్పుడు మనం రాష్ట్రపతి భవన్ అంటున్న మేడ, ఇండియా గేటు, ఆ వెడల్పాటి రోడ్లు కట్టారు. మైకులో ఇంతకన్నా ఎక్కువ చెబితే వెనక సీట్లవాళ్లు నిద్రపోతారు.

మనవాళ్లకు రాజుల కథ కన్నా నీళ్ల కథ ఎక్కుతుంది. తుగ్లకాబాద్ కోట చూడండి. ఎంత గోడ, ఎంత రాయి! కట్టిన కొన్నాళ్లకే వదిలేసి పోయారు. ఫకీరు శాపం అని ఒక కథ, నీళ్లు చాలక అని ఇంకో మాట. నేను రెండూ చెప్పేవాణ్ని. కోడుమూరు వైపు రైతు ఒకాయన రెండోది విని, కోటకేసి చేయి చూపిస్తూ, "అట్లయితే ఇది మా ఊరేలే గైడప్పా. రాజు ఒక్కడు తక్కువ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ ఆ కోట దగ్గర నాకు ఎప్పుడూ బెదురుగానే ఉండేది. అంత పెద్ద ఊళ్లో ఒక్క మనిషి కూడా లేకుండా పోయాడంటే, నా నలభై రెండు మంది ఎంత? మా కర్నూలు కూడా మూడేళ్లు రాజధానిగా ఉండింది. గుడారాల్లో సర్కారు కచేరీలు నడిపారని పెద్దలు చెప్పేవారు. అదీ పోయింది. రాజధాని అనేది పోయే వస్తువు అని మైకులో చెప్పి, వెంటనే ఒకసారి తలలు లెక్కపెట్టుకునేవాణ్ని.

హుమాయూన్ సమాధి దగ్గర ఒక తప్పు చేశాను. పనిలో చేరిన కొత్త. కడప ఆడవాళ్లు ఆ గుమ్మటం చూడగానే చెప్పులు విడిచారు. మా సీమలో దర్గాకు అందరూ పోతారు, చక్కెర పెట్టి ఫాతిహా చదివిస్తారు. ఒకామె కొంగు ముడి విప్పి చక్కెర పొట్లం తీసి, "సదివించు గైడప్పా" అంది. నేను పగలబడి నవ్వాను. "ఇది దర్గా కాదమ్మా. రాజు గోరీ. పుస్తకాల మేడ మెట్ల మీంచి జారి పడి చచ్చిపోయినాడు" అన్నాను. అందరి మొహాలూ చిన్నబోయాయి. ఆమె పొట్లం అట్లాగే పట్టుకుని, "మెట్ల మీంచి పడి సచ్చినోనికి సదివించగూడదా?" అని అడిగింది.

 చెప్పులు విడిచి, నాకు వచ్చిన ఫాతిహా చదివి, చక్కెర అందరికీ పంచాను. ఆ తర్వాత నా సంచిలో చక్కెర పొట్లం లేకుండా ఎప్పుడూ ఢిల్లీ పోలేదు. మనవాళ్లను చూసి నవ్వకండి. వాళ్లు చరిత్ర చూడటానికి రారు. పోయినవాళ్లను పలకరించడానికి వస్తారు. ఈ మాట నాకు అప్పుడే పూర్తిగా అర్థమై ఉంటే ఇప్పుడు చెప్పబోయేది జరిగేది కాదు.

నలభై ఒకటి

నేను పని మానేయడానికి రెండు మూడేళ్ల ముందు సంగతి. చలికాలం. బస్సులో నలభై రెండు మంది. అందులో కోడుమూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన నాగమ్మ ఒకామె, డెబ్బై దాటిన మనిషి. చెల్లెలు ఈశ్వరమ్మ తోడు వచ్చింది. నాగమ్మకు తెలుగు తప్ప ఇంకో మాట రాదు, ఏ అక్షరమూ రాదు. రైలులో రెండు రోజులూ కిటికీ దగ్గర కూర్చుని పొలాలు చూస్తూ, "ఈడ కూడా కందులే" అని చెల్లెలికి చెబుతూ వచ్చింది.

మధ్యాహ్నం బస్సు ఇండియా గేటు పక్కగా పోతోంది. నేను మైకు తీసుకుని చెప్పాను: "అదే ఇండియా గేటు. పాత యుద్ధాల్లో పోయిన సిపాయిల పేర్లు దాని మీద ఉండాయి. దాని వెనక కొత్తగా ఇంకోటి కట్టినారు. స్వాతంత్ర్యం వచ్చినాక యుద్ధాల్లో పోయిన మన జవాన్ల పేర్లు ఆడ ఒక్కొక్క రాయి మీద చెక్కినారు."

పక్కన ఈశ్వరమ్మ నిద్రపోతోంది. నాగమ్మ సీట్లోంచి లేచి నిలబడింది. "అందరి పేర్లూ ఉండాయా నాయనా?"

"అందరివీ ఉంటాయి పెద్దమ్మా."

"యాడ?"

"ఆ పక్కనే" అన్నాను. బస్సు ఆపించలేదు. ఎర్రకోట దగ్గర హోటల్లో నలభై రెండు మందికి భోజనం చెప్పి ఉన్నాను, ఆలస్యమైతే చల్లారిపోతుంది. ఆమె బస్సు తిరిగిన దాకా మెడ తిప్పి వెనక్కే చూసింది. ఆ చూపు నేను చూశాను. చూసి కూడా పట్టించుకోలేదు.

భోజనాలయ్యాక అందరూ కోట ముందర ఎండలో నిలబడ్డారు. నేను టికెట్ల వరుసలో ఉన్నాను. నాగమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని రోడ్డు వైపు నడవడం కనిపించింది. యాడికి అనే మాట గొంతుదాకా వచ్చింది. మా అమ్మ చెంపదెబ్బ గుర్తొచ్చిందో ఏమో, మింగేశాను.

"దూరమా పెద్దమ్మా?" అని కేకేశాను.

"యాడ దూరం నాయనా. పక్కకే" అని చేయి ఊపింది.

బాత్రూముకనుకున్నాను. టికెట్లు తీసుకుని వచ్చి లెక్కపెట్టాను. నలభై ఒకటి. మళ్లీ లెక్కపెట్టాను. అందరినీ నేల మీద కూర్చోమని మూడోసారి ఒక్కొక్కరి తల మీద చేయి పెట్టి లెక్కపెట్టాను. నలభై ఒకటి.

"మా యక్క ఏది గైడప్పా?" అంది ఈశ్వరమ్మ.

నా చొక్కా వీపున తడిసిపోయింది. ఆ చలిలో! బాత్రూముల దగ్గర చూశాను, హోటల్లో చూశాను, బస్సులో చూశాను. ఊరి పేరూ నా నంబరూ రాసి అందరి మెడలోనూ వేసిన కార్డు, ఆమెది మాత్రం సీటు మీద దుప్పటి కింద దొరికింది.  ఆ మహానగరంలో ఆమె ఎవరో చెప్పే అట్టముక్క అదొక్కటే, అది నా చేతిలో ఉంది. ఫోటో కోసం వెతికితే అందరం కలిసి దిగిన ఫోటోలో ఆమె మొహం ఒక లావుపాటాయన భుజం వెనక దాగిపోయింది. ఒక చెవి, చెవికి కమ్మ, అంతే కనిపించాయి. నరసింహులు చేతులు లుంగీ అంచును ఎందుకు నలుపుతున్నాయో నాకు అప్పుడు తెలిసింది. నా చేతులు ఆ కార్డును అట్లాగే నలుపుతున్నాయి.

దేని పక్కన?

కోట దగ్గర పోలీసు చౌకీలో ఒక కానిస్టేబుల్ ఉన్నాడు. మర్యాదగలవాడే. కాగితం తీసి హిందీలో అడిగాడు, "ఆమె ఎక్కడికి వెళ్తోంది?"

"తెలియదు సార్."

"వెళ్తుంటే చూశానన్నావు. ఎక్కడికని అడగలేదా?"

"అడగలేదు."

"ఎందుకు?"

ఏమని చెప్పను? భయంలో నోట్లోకి మా ఇంటి ఉర్దూ వచ్చేసింది. "హమారే ఉధర్ పూఛ్‌నా నక్కో బోల్‌తే సాబ్" అన్నాను. మా దగ్గర అడగొద్దంటారు సార్ అని. అతను కలం ఆపి నన్ను పైకీ కిందికీ చూశాడు. తప్పిపోయింది ఆమెనా, వీడా అని అనుమానం వచ్చినట్టుంది.

"సరే, ఏం మాట్లాడుకున్నారో అదే చెప్పు."

"దూరమా అని అడిగాను. పక్కకే అంది."

"పక్కకే అంటే? దేని పక్కన?"

ఇన్నేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అది. దేని పక్కన? ఆ పొద్దు పక్కనే అనే మాట నేను ఎవరితో అన్నాను, ఎక్కడ అన్నాను? బస్సులో నిలబడ్డ నాగమ్మ కళ్ల ముందుకు వచ్చింది. మెడ తిప్పి వెనక్కి చూసిన చూపు కూడా వచ్చింది. ఆమె నా మాట నమ్మి, నేను చెప్పిన పక్కకే పోయింది. అది ఐదారు కిలోమీటర్ల దూరం. మధ్యలో ఎన్ని రోడ్లు దాటాలో నాకే తెలియదు. నేను ఎప్పుడూ బస్సులోనే పోయాను కదా.

కానిస్టేబుల్ ఫోన్ తీసి తనవాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు. నేను అందరినీ ఈశ్వరమ్మ చుట్టూ కూర్చోమని, ఎవరూ లేవొద్దని దండం పెట్టి, ఆటో ఎక్కాను. దారి పొడుగునా పేవ్‌మెంట్లే చూశాను. నేత చీర కనిపించిన ప్రతిచోటా ఆటో ఆపించాను. ఒకచోట రోడ్డు మీద జనం గుమిగూడి ఉన్నారు. ఆటో దిగాను గానీ ఆ గుంపు దగ్గరికి పోలేకపోయాను. ఆటో డ్రైవరే పోయి చూసి వచ్చి, ఎవరిదో స్కూటరు పడిపోయిందన్నాడు. నేను ఆ ఫుట్‌పాత్ మీదే కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

పై వరసలు

ఇండియా గేటు వెనక జవాన్ల పేర్లు చెక్కిన ఆ కొత్త కట్టడం ముందర కాపలా ఉన్న జవాను నేను పూర్తిగా చెప్పకముందే లోపలికి చేయి చూపించాడు. చక్రాల్లాగా గుండ్రంగా కట్టిన రాతి గోడలు. గోడ నిండా రాళ్లు, రాయికో పేరు. సాయంత్రపు ఎండ వాటి మీద పడుతోంది. నాగమ్మ చెప్పులు విడిచి, గోడ పక్కన నడుస్తోంది. ఒక్కొక్క రాయి మీద అరచేయి పెడుతుంది, తీస్తుంది, పక్క రాయి మీద పెడుతుంది.

దొరికిందన్న సంతోషం ఒక్క క్షణమే. తర్వాత కోపం తన్నుకొచ్చింది. "ఏం పెద్దమ్మా, బుద్ధుందా నీకు? చెప్పకుండా వచ్చేస్తే మా పానాలు ఏం కావాల? ఏ బస్సు కిందైనా పడింటే?" అని అరిచాను.

ఆమె చేయి ఆపలేదు. "ఇండియా గేటు, ఇండియా గేటు అని అడుగుతా వస్తి. అందురూ సూపిచ్చిరి. నువ్వు పక్కనే అంటివి గానీ శానా దూరముండాది నాయనా."

 "ఎవరున్నారు ఈడ?" అన్నాను.

"నా తమ్ముడు. సుంకన్న. బంగ్లాదేశు యుద్ధంలో పోయినాడు. మనిషి రాలేదు, పెట్టె వచ్చె. అమ్మ లేకపాయ, నేనే సాకితి వాన్ని."

"పేరు చెప్పు. ఈడ పేర్లు వెతికే మిషన్ ఉంటాది, దాన్లో చూసి ఏ రాయో చెప్తారు."

"వద్దు" అంది. "అన్నీ తాకితే వానిదీ తగుల్తాది గదా. వానిదేదో తెలిస్తే మిగతావి తాకబుద్ధి కాదు. అందురూ ఎవురో ఒకరి తమ్ముళ్లే." ఆ తర్వాత చేయి గోడ మీదే ఉంచి, నా వైపు చూడకుండా చెప్పింది. "వాడు సెలవు మీద వచ్చినాడు. మధ్యలో రమ్మని తంతి వచ్చె. నాకు తెల్దు, నేను చేన్లో ఉంటి. ఇంటికొస్తే ట్రంకు పెట్టె పట్టుకొని గడప దాటతాండాడు. యాడికిరా సుంకన్నా అని అడిగితి."

నేను ఆమె వైపు తిరిగాను.

"లోపలికొచ్చి రొంత నీళ్లు తాగిపోరా అంటి. బస్సు పోతాదక్కా అని ఉరికె. నీళ్లు తాగలేదు. నేనడిగినందుకే పోయినాడు నాయనా. నువ్వు నన్ను అడగలేదు, మంచి పని చేసినావు."

అడిగి ఉంటే ఆమెను నేనే తీసుకుపోయేవాణ్ని. అడగలేదని నేను మధ్యాహ్నం నుంచి చస్తున్నాను. అడిగానని ఆమె యాభై ఏళ్లుగా చస్తోంది. ఇద్దరిలో ఎవరిది తప్పో నాకు తెలియలేదు. ఈ సంగతి ఏ గైడు పుస్తకంలోనూ ఉండదు.

"పొద్దు గుంకుతాంది పెద్దమ్మా, పోదాం" అన్నాను.

"పై వరసలు నాకు అందలేదు" అంది.

నేను చెప్పులు విడిచాను. ఆమె కింది వరసలు, నేను పై వరసలు. కాపలా జవాను ఒకసారి మా వైపు వచ్చి, చూసి, మొహం పక్కకు తిప్పుకుని వెళ్లిపోయాడు. నలభై ఒక్క మందిని ఎప్పుడూ ఎవరికోసమూ కూర్చోబెట్టనివాణ్ని, ఆ సాయంత్రం కూర్చోబెట్టాను. ఫోన్ చేసి దొరికిందని చెప్పగానే ఈశ్వరమ్మ ఏడుపు వినిపించింది. అన్ని రాళ్లూ తాకడం ఎవరి తరమూ కాదు. పొద్దు గుంకేదాకా తాకినన్ని తాకాం. సంచిలో చక్కెర ఉంది. చదివించి, ఇద్దరం నోట్లో వేసుకుని వచ్చాం.

అడుగు

మిగిలిన యాత్ర అంతా నేను ఆమె పక్కనే కూర్చున్నాను. ఆగ్రాలోనూ, తిరుగు రైలులోనూ ఆమె ఆ సంగతి ఎత్తలేదు. కర్నూలులో దిగాక ఆటోలో బస్టాండు దాకా వెళ్లాను. కోడుమూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఈశ్వరమ్మ సంచులతో ఎక్కేసింది. నాగమ్మ మెట్టు మీద కాలు పెట్టి, మళ్లీ దిగి, నా ముందర నిలబడింది.

"అడుగు" అంది.

"ఏం అడగాల పెద్దమ్మా?"

"యాడికని అడుగు."

"వద్దు" అన్నాను. 

"అడుగప్పా. సూద్దాం."

బస్సు హారన్ కొట్టింది. ఆమె కదలలేదు. చివరికి అడిగాను. "యాడికి పెద్దమ్మా?"

"ఇంటికి" అంది.

అలవాటు కొద్దీ నా చేతిలోని నీళ్ల సీసా ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని పక్కకు తోసేసింది. "వాడు తాగలేదు" అని చెప్పి బస్సెక్కింది.

ఢిల్లీలో పడిన భయం ఒక ఎత్తు, ఆ పొద్దు పడిన భయం ఒక ఎత్తు. ఇంటికి పోయినా అన్నం సహించలేదు. కోడుమూరు ఎంతసేపు? అక్కడి నుంచి వాళ్ల పల్లెకు ఆటో ఎంతసేపు? మా ఆవిడ ఏమైందని అడిగితే చెప్పలేకపోయాను. ఆమెకు ఏదైనా అయితే నేను అడిగినందుకే అయిందని నేనూ నమ్మేవాణ్నే. నా చదువూ, నా ఢిల్లీ ఏవీ అడ్డం రావు.

పిల్లలూ, మీకు నేను చెప్పేది ఇంతే. దూరం ఎంతో ఉన్నదున్నట్టు చెప్పండి. బస్సు ఆపమన్న చోట ఆపండి, భోజనం చల్లారితే చల్లారనీయండి. ఎవరు లేచినా యాడికి అని అడగండి. వాళ్లు తిట్టుకుంటే తిట్టుకోనీయండి. ఆ తర్వాత నేను పనిచేసినన్నాళ్లూ అడిగాను. అడిగిన ప్రతిసారీ భయపడ్డాను, అయినా అడిగాను. అంత ధైర్యం నాకు ఒక ఫోన్ వల్ల వచ్చింది.

ఆమె కోడుమూరు బస్సెక్కిన పొద్దే, మధ్యాహ్నం దాటాక ఈశ్వరమ్మ కొడుకు నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తాను. నాగమ్మ గొంతు.

"చేరినా నాయనా" అంది. "నువ్వు అడిగితివి. నేను నీళ్లు గూడా తాగలేదు. అయినా చేరినా."

"యాభై ఏండ్లు నాయనా" అంది. ఫోన్ మాత్రం పెట్టేయలేదు.